తగ్గితే తీపి

మిస్డ్ కాల్ ఇచ్చి ఫోను ముంగట పెట్టుకొని కూసున్నది నీలి. అది పద్ధతి. మనది ఒక్క రింగు, కట్ చెయ్యాలె, గంటలోపల హైదరాబాద్ నుంచి డాక్టరే చేస్తడు, స్పీకర్ పెట్టాలె, షుగరున్న మనిషి ఇనాలె, ఇన్నంక కాయితం నింపాలె. ఫోన్ దవాఖాన అని తండా జనమే పేరు పెట్టిన్రు దానికి. ఇయ్యాల ఆ ఒక్క రింగు పోయిందో లేదో గూడ తెల్వది. తెలంగాణ సమ్మెల భూపాలపల్లి బొగ్గు తియ్యుడు బందయినకాంచి కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో ఎవరికెరుక, ఫోన్ల ఒక్క గీత చార్జింగు మిగిలింది, ఆ గీత మీదనే కండ్లు పెట్టుకొని కూసున్నది, ఎందుకంటే కన్నెత్తితే ఎదురుంగ ఇయ్యాల ఇనాల్సిన షుగరు మనిషి, గోరీ ఉన్నది, గోరీ చేతులున్నయి, మోచేతుల మీద నలభై ఏండ్లు తెల్లగాజులున్నకాడ ఎండ తగలని చర్మం పట్టీ కట్టినట్టు పాలిపోయి ఉన్నది, ఆ గాజులు తీసి తొమ్మిది దినాలే. గోరీ ఎనక గోడకు ఆమె మొగడు భీమ్లా ఉన్నడు. ఫ్లెక్సీల. ఉపాధి కార్డు మీది ఫోటోను సాగదీసి పెద్దగ చేసిన్రు, ఒక చెవి లేదు, కింద ఎర్రక్షరాల తెలంగాణ కొరకు దీక్షలో అసువులు బాసిన అమరుడు భీమ్లాకు జోహార్లు అని ఉన్నది. అసువులు అంటే ఏందని గోరీ అడగలేదు. అమరుడు అన్న మాట మటుకు పట్టుకున్నది, రెండు చేతులతోని పట్టుకున్నది, అది గూడ ఇడిసిపెడితే ఆమె చేతుల ఏముంటది.

"బ్యాగు ఏసుకుంటే చాలు, నీకు తెలుగొస్తది," అన్నది గోరీ.

ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ నవ్వుకుంట అనేది, ఇయ్యాల అలవాటుకు అన్నది. నిజమే గదా. ఇదే గోరీ కాకీతోని పత్తిచేన్ల, నీళ్లకాడ, పెండ్లిల తండా మాటనే మాట్లాడుతది నీలి, యాడీ అని పిలిచే అమ్మ ఒళ్లె కూసొని నేర్సుకున్న మాట, తిట్టినా ఏడ్సినా అదే వస్తది. ఫోన్ దవాఖానోళ్లిచ్చిన నీలం బ్యాగు భుజానికెక్కిందంటే మటుకు తెలుగు. అందులనూ మరిపెడ అంగడి తెలుగు గాదు, చాయ హోటల్ తెలుగు గాదు, కాయితం తెలుగు. ఆ కాయితం ఎవడు రాసిండో, ఎక్కడ కూసొని రాసిండో, రాసేటప్పుడు వాని ముంగట షుగరున్న మనిషి ఒక్కడన్న ఉన్నడో లేడో. జనగామల రెండు దినాలు నేర్పిన్రు దాన్ని. పైన ఫ్యాను, తెల్లగోడలు, మనిషికో పెన్ను. నేర్పిన కరుణాకర్ సారు చెడ్డోడు గాదు, కోపం లేని మనిషి, ఈ కాయితం తరాజు లాంటిదమ్మా అన్నడు, ఫోన్ల డాక్టర్ చెప్పింది మనిషి బుర్రకు ఎంత ఎక్కిందో తూచే తరాజు, దాని మీద మీరు వేలు పెట్టొద్దు, ఉన్నదున్నట్టు చదువున్రి. నీలి లేచి అడిగింది. సార్, మా తండాల ముసలోళ్లకు తెలుగు సగమే వస్తది, మా మాటల అడగొచ్చా. వద్దమ్మా, ఒక్కొక్కరు ఒక్కో తీరు అడిగితే తూకం తప్పుతది. ఆ ముచ్చట అక్కడనే ఇడిసిపెట్టి కూసున్నది. ఎందుకు కూసున్నది, ఇంకోసారి ఎందుకు లేవలేదు, లేచి ఏంది సార్ మీ తూకం, మనిషి పెద్దదా తూకం పెద్దదా అని ఎందుకు అడగలేదు, ఇప్పుడు నోట్లకు వస్తున్న మాటలు అప్పుడెక్కడున్నయి. అడగకపోగ సంబురపడ్డది. చదవమంటే అందరికన్న సాఫుగ చదివింది తనే. వైద్యులు తెలియజేసిన విషయము మీకు ఎంతవరకు అవగతమైనది. పూర్తిగా, కొంతవరకు, అస్సలు లేదు. మూడు డబ్బాలు. అవగతమైనది అన్నకాడ నాలుక తిరగక మిగిలినోళ్లంత ఆగిపోతుంటే నీలి ఆగలేదు, చప్పట్లు కొట్టిన్రు, మరిపెడ బడిల లంబాడోల్ల తెలుగు అని ఎక్కిరించిన పిల్లలందరికి ఆ చప్పట్లు ఇనపడాలనుకున్నది.

ఆ సాఫు తెలుగుతోనే వచ్చి కూసున్నది భీమ్లా కాకా ముంగట. ఇదే గడప, ఇదే గోడ, గోడకు అప్పుడు ఫ్లెక్సీ లేదు, గొంగడి ఉండె. సమ్మె షురువై పది దినాలు, బస్సులు డిపోలల్ల, రైళ్లు పట్టాల మీదనే నిలబడ్డయి, మానుకోట దవాఖానకు పోయే తొవ్వ లేదు, ఉన్నదల్ల ఈ ఫోనే. డాక్టర్ మంచిగనే చెప్పిండు. మందు మానొద్దు, వేళకు భోజనం చెయ్యాలి, షుగర్ తగ్గితే ప్రమాదం, వెంటనే ఏదైనా తీపి తీసుకోండి. గంతే. దాంట్ల తప్పేమున్నది. పత్తి ఏరుకుంట ఆ మాటలు మల్ల ఇన్నది నీలి, బట్టలు పిండుకుంట ఇన్నది, ముందటి మాట ఎనకకు ఎనకటి మాట ముందటికి తిప్పుకొని ఇన్నది, తప్పు లేదు. కాకా ఇని గోరీ దిక్కు చూసి కన్ను కొట్టిండు. "ప్రమాదమంట. బస్సులే నడుస్తలేవు, ప్రమాదమెక్కడికెల్లి వస్తది." ఆయనెరిగిన ప్రమాదం మరిపెడ రోడ్డు మీద లారీ బస్సు గుద్దుకునుడు, ఆ మాట ఆయన చెవుల పడ్డప్పుడల్ల అట్లనే పడ్డది. "ఇన్నవా గోరీ, షుగర్ తగ్గితే తీపి తినొచ్చంట. తగ్గనియ్యి, మానుకోట పోయి అద్దకిలో జిలేబి తెచ్చుకొని ఒక్కన్నే తింట, నీకు తునక గూడ పెట్ట." గోరీ నవ్వింది. నీలి నవ్వింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, నడుంనొప్పి తగ్గింది, తెలుగుల తగ్గుడంటే బాగయ్యుడే గదా, రోగం మనిషిని ఇడిసిపెట్టి పోవుడే గదా, మరి షుగరు తగ్గితే తీపి తినమనుడు న్యాయంగనే ఉన్నది. నవ్వు ఆపుకొని కాయితం తీసి, మీకు ఎంతవరకు అవగతమైనది అని చదివింది.

"ఆగమైందా? నేనెందుకు ఆగమైత బిడ్డా, మంచిగున్న."

మల్ల నవ్వు. పూర్తిగా అన్న డబ్బాల టిక్కు. ఆ కాయితం ఇంకా ఈ బ్యాగులనే ఉన్నది, బస్సులు లేక జనగామకు పంపలేదు, భుజం మీద అదొక్కటే బరువున్నట్టు ఉంటది, తీసి చింపెయ్యబుద్ధయితది, చింపితే ఎవరికి తెల్వది, చింపలేదు.

తండా మాటల దానికి రెండు మాటలున్నయి. జ్వరం ఇడిసిపోతే ఒక మాట. బాయిల నీళ్లు కిందికి దిగిపోతే ఇంకో మాట. రెండూ నీలికి పాలతోని వచ్చినయే. ఆ రెండో మాట ఒక్కటి అని ఉంటే కాకా నవ్వు అక్కడనే ఆగేది, మూడు బాయిలు తవ్వి మూడూ ఎండిన మనిషికి నీళ్లు దిగుడంటే ఏందో ఎవరూ చెప్పనక్కర లేదు, మరి అట్లయితే ఏం జెయ్యాలె బిడ్డా అని అడిగేటోడు. ఒక్క మాట. నోట్ల ఉన్న మాట. బ్యాగు భుజాన ఉన్నదని బయిటికి తియ్యలేదు.

టెంటు మరిపెడ సెంటర్ల ఏసిన్రు. రిలే దీక్ష, దినానికి పదిమంది, పొద్దుగాల కూసుంటే పొద్దుగూకేదాక మంచినీళ్లే. జైపాలన్న నడిపేది. జైపాలన్న మైకు పట్టుకొని మన మాటను సినిమాల్ల జోకర్ల నోట్ల పెట్టిన్రు, రౌడీల నోట్ల పెట్టిన్రు, మన మాట మాట్లాడితే మనమే సిగ్గుపడేటట్టు చేసిన్రు అంటుంటే నీలి అరచేతులు మండేదాక చప్పట్లు కొట్టింది. ఆ కోపం నిజం. ఇప్పుడు గూడ నిజమే, రాష్ట్రం వచ్చినా పోని కోపం అది. కానీ ఆ చప్పట్లు కొట్టిన చేతి భుజానికే బ్యాగున్నది, ఆ బ్యాగుల తండా మాటను గడప తొక్కనియ్యని కాయితమున్నది. ఎవరో మన నోరు మూసిన్రని రోడ్డెక్కినం, రోడ్డెక్కేటప్పుడు మన చెయ్యి ఎవరి నోటి మీద ఉన్నదో చూసుకోలేదు. తొమ్మిది దినాల కింద దీక్షల కూసున్న పదిమందిల భీమ్లా కాకా ఒకడు. గోలీ ఇంటికాడ మరిచిపోయి వచ్చిండు, గోరీ రెండు మైళ్లు నడిచి తెచ్చిచ్చింది, డాక్టర్ మానొద్దన్నడు గదా, టెంట్లనే నోట్ల ఏసి చెంబుతోని నీళ్లు తాపింది. గోలీ మింగితే దీక్ష తప్పుతదా అని కాకా అడిగితే, మందుకు మాఫీ ఉన్నది తాతా అన్నడు జైపాలన్న, టెంటంత నవ్విన్రు.

నీలి పోయేసరికి మిట్టమధ్యాహ్నం. కాకా గుంజకు ఒరిగి ఉన్నడు, అంగీ ఒంటికి అంటుకపోయింది, కండ్లు సగం మూసినయి, పక్కాయన అట్టముక్కతోని ఇసురుతున్నడు. ఎండకనుకున్నరు. ఆకలికనుకున్నరు, దీక్షంటే గట్లనే ఉంటది గదా. నీలికి జిలేబి ముచ్చట యాదికొచ్చింది. పరాచికానికి అడిగింది.

"ఏం కాకా, షుగర్ తగ్గిందా?"

కాకా పెదవులు తడుపుకున్నడు. "తగ్గింది బిడ్డా. మస్తు తగ్గింది."

నవ్వి, పోయి ముందటి వరుసల కూసొని చప్పట్లు కొట్టింది. చెప్పిండు గదా. తన నోటితోని తాను చెప్పిండు, తగ్గింది అని, మస్తు తగ్గింది అని, ఇంకెట్ల చెప్పాలె మనిషి. ఆ మాట ఇప్పుడు ఎక్కడంటే అక్కడ ఇనపడుతది, అంగడిల ఎవరో రేటు తగ్గించు అంటే ఇనపడుతది, వాన తగ్గిందా అని పొరుగామె అడిగితే నీలి చేతిల చేద జారుతది.

ఎంత లేపినా కాకా లేవకపోతే దవాఖానకు ఆటోల తీసుకపోయిన్రు, రోడ్డు మీద రాస్తారోకో చేస్తున్నోళ్లు మనిషిని చూసి బండరాళ్లు పక్కకు జరిపిన్రు, జై తెలంగాణ అని తొవ్వ ఇచ్చిన్రు. శిరీష సిస్టర్ వేలుకు సూది పొడిచి మిషిని చూసింది. ఇరవై ఆరు. షుగర్ పడిపోయిందమ్మా అన్నది, తినకుండ గోలీ ఎవరిచ్చిన్రు అన్నది. పడిపోయింది. చూసినవా, తెలుగుల గూడ మాట ఉన్నది. బిడ్డ పడిపోయింది, గోడ పడిపోయింది అంటే ఎవరికి సమజ్‌గాదు, మరి ఆ డాక్టర్‌కు ఆ మాట ఎందుకు దొరకలేదు, కాయితం రాసినోనికి ఎందుకు దొరకలేదు. గోరీ అప్పుడు ఆటోల కూసొని ఉన్నది, ఆమె ఇనలేదు. ఎవరిచ్చిన్రు అన్న ప్రశ్న ఇన్నది నీలి ఒక్కతే. సూదిమందు పెట్టిన్రు, గ్లూకోజు ఎక్కించిన్రు, అప్పటికే టైం దాటిపోయింది. గుండె ఆగింది కాకీ అని చెప్పింది బయిటికొచ్చి. అబద్ధం గాదు. ఎవరికైనా ఆఖరికి ఆగేది గుండెనే.

ఫోను మోగలేదు. గోరీ కొంగుతోని మొఖం తుడుచుకున్నది. జరసేపటికి మల్ల తుడుచుకున్నది. ఇంట్ల నీడ చల్లగనే ఉన్నది, తలుపులకెల్లి గాలి వస్తున్నది. నీలి కన్నెత్తింది. గోరీ పై పెదవి మీద చెమట, గదవ కింద చెమట, కొంగు పట్టుకున్న వేళ్లు వణుకుతున్నయి. గుంజకు ఒరిగిన అంగీ కండ్ల ముంగట కనపడ్డది.

"కాకీ, పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"చాయ తాగిన. చక్కెర లేకుండ, నువ్వు చెప్పినట్టె."

"నిన్న?"

"పొయ్యికాడికి పోబుద్ధి గాదు బిడ్డా. ఎవరికోసం ముట్టియ్యాలె."

"గోలీ?"

గోరీ జర నిటారుగ కూసున్నది. "అది ఒక్కదినం గూడ ఇడువలే. పొద్దుగాలనే ఏసుకున్న. నన్ను నువ్వు తప్పు పట్టేది లేదు."

మిషిని డబ్బల రక్తం చూసే పట్టీ ఒకటే మిగిలింది. డాక్టర్ లైన్ల ఉంటేనే సూది పొడవాలె, అది గూడ పద్ధతే, పద్ధతి మంటల గలవ. పొడిచింది. చిన్న రక్తపు బొట్టు, మిషిని అయిదు లెక్కపెట్టింది. యాభై ఒకటి. పోయిన నెల రెండొందల ఎనభై.

"ఎంతున్నది?"

"యాభై ఒకటి."

గోరీ మొఖం ఇప్పారింది, తొమ్మిది దినాల్ల మొదటిసారి ఇప్పారింది. "గంత తగ్గిందా. కొడుకు మాన్‌సింగ్‌కు చెప్పాలె. మూడో దినం కాంగనే సమ్మెకని మల్ల భూపాలపల్లి పాయె, అమ్మకు ఏమైతదో అని వానికి ఒక్కటే పరేషాను."

అప్పుడు మోగింది ఫోను. నీలి స్పీకర్ నొక్కింది, నంబరు చెప్పింది, తినలేదని చెప్పింది, గోలీ ఏసుకున్నదని చెప్పింది. అదే గొంతు. డాక్టర్ గొంతుల తొందర వచ్చింది, మనిషి మంచోడే, కుర్చీలకెల్లి లేచినట్టే ఇనపడ్డది. "షుగర్ బాగా తగ్గిందమ్మా. ప్రమాదం. వెంటనే తీపి ఇవ్వండి. అమ్మా, మీకు అర్థమైందా?"

"అయింది సారూ," అన్నది గోరీ గట్టిగ. "తగ్గింది. నీ దయ."

గీత పోయింది. ఫోను నల్లబడ్డది.

నీలి లేచి గూట్ల చక్కెర డబ్బ ఎతికింది, గిలాసల నాలుగు చెంచాలు ఏసి నీళ్లు పోసి కలిపింది, నోటికాడ పెట్టింది. గోరీ చేత్తోని పక్కకు జరిపింది. నెట్టలేదు, బిడ్డ చేతిని జరిపినట్టు జరిపింది. తగ్గినంక తినొచ్చని నాకెరుకే అన్నది. "ఆయన తినలే నీలీ. జిలేబి జిలేబి అనుకుంటనే పాయె. పన్నెండో దినం కానియ్యి, ఆయన పేరు మీద పెట్టి అప్పుడు తింట. నాకేం తొందర, తగ్గనే తగ్గింది."

బలవంతంగ పొయ్యాల్నా. పోస్తే ఉమ్ముతది. మందనుకో అంటే, మందు ఏసుకున్న గదా అంటది. ఇయ్యాల ఎట్లనో తాపినా రేపు పొద్దుగాల మల్ల గోలీ ఏసుకుంటది, ఉత్త కడుపున, డాక్టర్ మానొద్దన్నడని, బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, చెప్పింది చెప్పినట్టు చేసే పోయిండు ఆయన గూడ. చెప్పాలె. రెండో మాట చెప్పాలె. చెప్పిందంటే గోరీ ఆగది, గోరీ బుర్ర చదువు లేని బుర్రే కానీ మందబుర్ర గాదు, నలభై మేకల ఈతలు నోటికి చెప్తది, ఆ మాట పట్టుకొని సక్కగ టెంట్లకు పోతది, చెంబుకాడికి పోతది, తన అరచేతిల ఉన్న తెల్ల గోలీకాడికి పోతది. తినకుండ గోలీ ఎవరిచ్చిన్రు. గోడ మీది అమరుడు గూడ అప్పుడు కిందికి దిగుతడు. ఈమెను బతికియ్యాల్నంటే ఆ గోలీని మల్ల ఈమె చేతిలనే పెట్టాలె. పెట్టకుంటే ఇంకో జరసేపటికి ఈమె గోడకు ఒరుగుతది, ఈమెకు ఫ్లెక్సీ గూడ ఉండది. గోరీ కండ్లు నీలి మీద నిలుస్తలేవు, పక్కకు జారుతున్నయి, మాట ముద్దగ వస్తున్నది.

నీలి బ్యాగు తీసి కింద పెట్టింది.

తండా మాటల చెప్పింది. బాయి నీళ్లకు అనే మాటనే అన్నది, ఒకసారి గాదు మూడుసార్లు అన్నది. "రోగం పోలేదు కాకీ. నీళ్లు దిగినట్టు దిగింది. నీ ఒంట్ల బాయి అడుగంటుతున్నది. గోలీ మోటరు తీరు, అది తోడుతనే ఉంటది, దానికి తెల్వది. తిండి పైకెల్లి పడే నీళ్లు. తినకుండ గోలీ ఏసుకుంటే ఉన్నది గూడ తోడేస్తది, అప్పుడు చెమట పడుతది, వణుకు వస్తది, నిద్ర వచ్చినట్టయితది, మనిషి మల్ల లేవడు. తినని దినం గోలీ వద్దు, నన్నడుగు. డాక్టర్ తీపి తినమన్నది పండుగకు గాదు. పాణం నిలబెట్టుకునేటందుకు. తాగు."

గోరీ తన చేతులు చూసుకున్నది. వణుకుతున్న వేళ్లు చూసుకున్నది. గిలాస తీసుకొని తాగింది, పండ్లు గిలాసకు తగిలి టకటకమన్నయి, సగం కొంగు మీద పడ్డది. వాకిట్ల మేక ఒకటి అరిచింది, ఎవరో సైకిల్ మీద పోయిన్రు, అన్ని మామూలుగ ఉన్నయి. జరసేపటికి గోరీ కండ్లు ఒక్కకాడ నిలిచినయి.

"ఇప్పుడు నువ్వు చెప్పు కాకీ," అన్నది నీలి. కాయితంల లేని ప్రశ్న, ఆ మూడు డబ్బాలల్ల ఎందులనూ పట్టని ప్రశ్న. "నేను చెప్పింది మల్ల నాకు చెప్పు."

గోరీ చెప్పింది. మెల్లగ, బడి పిల్ల తీరుగ. తినాలె, తిన్నంకనే గోలీ. తినని దినం గోలీ ఏసుకోవద్దు, నిన్ను అడగాలె. చెమట పడితే, వణికితే నీళ్లు దిగినట్టు, చక్కెర తాగాలె. తాగకుంటే నిద్ర వస్తది, మనిషి మల్ల... అక్కడ ఆగింది. ఎనకకు తిరిగి గోడ దిక్కు చూడలేదు. అరచెయ్యి తిప్పి చూసుకున్నది, కుడి అరచెయ్యి.

"టెంట్ల నేనే ఏసిన," అన్నది. "నోరు తెరువుమని ఏసిన."

"నాకు ఆ బాయి మాట ముందే ఎరుకనే కాకీ. కాకాకు చెప్పలే. కాయితం చదివి టిక్కు పెట్టిన. టెంట్ల చెమటలు చూసి గూడ నవ్విపోయిన." అనుకున్నదానికన్న మాటలు చిన్నగ వచ్చినయి. తొమ్మిది దినాలు మోసిన మాటలు, బయిటికొస్తే గింతే.

గోరీ తిట్టలేదు. కొట్టలేదు. కొడితే బాగుండు. "మరి ఆ ఫ్లెక్సీ తీసుకపోతరా?" అని అడిగింది.

నీలి గూట్ల సద్దరొట్టె తునక ఉంటే తెచ్చి చేతిల పెట్టింది. గోరీ తునిపి నోట్ల పెట్టుకున్నది, నమిలింది, మింగింది, ఇంకో తునక తునిపింది, కూలి చేసినట్టు తిన్నది. తిన్నంక గిలాస ఎత్తి ఎలుగుకు పెట్టి చూసింది. అడుగున కరగని చక్కెర జరంత ఉన్నది. వేలు పెట్టి తీసి, ఆ వేలు దిక్కే చూసుకుంట అడిగింది.

"గింతనేనా? ఆయనకు గూడ గింతనే సరిపోయేదా?"

"సరిపోయేది కాకీ."

వేలు మీది చక్కెర నాకలేదు. కొంగుకు తుడుచుకోలేదు. అట్లనే పట్టుకొని కూసున్నది.

"సమజైంది," అన్నది గోరీ. "రాస్కో."